సమానధర్మం

మా అక్క కూతురు పదో తరగతి చదువుతోంది. మొన్నొక సాయంత్రం దాని ఇంగ్లీషు పాఠ్యపుస్తకం చేతికి తగిలితే ఊరికే తిరగేస్తూ కూర్చున్నాను. పద్యం ఉన్న ప్రతి పేజీలోనూ పెన్సిలు రాతలు. ఒక పాదం పైన మెటఫర్, దాని కింద పాదం పక్కన ఎలిటరేషన్, మరోచోట రెండు పాదాలను కలుపుతూ గీసిన వంకర గీత చివర ఎంజాంబ్‌మెంట్. కార్ల్ శాండ్‌బర్గ్ పొగమంచు మీద రాసిన చిన్న పద్యం దగ్గర ఆగాను. 1916లో వచ్చిన ‘షికాగో పోయెమ్స్’ లోది అది. మొత్తం ఆరు పాదాలు. పొగమంచును పిల్లిగా చూపిస్తాడు. అది రావడం, రేవు దగ్గర కాసేపు ఉండడం, మళ్లీ తన దారిన పోవడం, అంతే పద్యం. పిల్లి అన్న మాట చుట్టూ గుండ్రంగా చుట్టి, పైన మెటఫర్ అని రాసి, కింద రెండు గీతలు గట్టిగా గీసి ఉన్నాయి. “పిల్లే ఎందుకమ్మా? కుక్కో ఆవో ఎందుకు కాలేదు?” అని అడిగాను. “అది అడగరు పిన్నీ. డివైస్ పేరు రాస్తే మార్కు పడిపోతుంది” అంది. అందులో విసుగేమీ లేదు. తెలియని మనిషికి దారి చెప్పినట్టు నెమ్మదిగానే చెప్పింది. ఆ ‘అది అడగరు’ అన్న మాట మాత్రం అప్పటినుంచీ నన్ను పట్టుకుని వదలడం లేదు.

అడగకపోతే నష్టమేమిటి అని నన్ను నేనే నిలదీసుకున్నాను. పదిహేనేళ్ల పిల్లకు ఇన్ని పారిభాషిక పదాలు వచ్చాయంటే సంతోషించాలి కదా. ఎంజాంబ్‌మెంట్ అన్న మాట నేను డిగ్రీలో గానీ వినలేదు. ఇది హైస్కూల్లోనే దాన్ని గుర్తుపడుతోంది, స్పెల్లింగు తప్పు లేకుండా రాస్తోంది. పేరు తెలియడం చిన్న విషయమేమీ కాదు. చెట్ల పేర్లు తెలిసినవాడికి అడవి కనిపించే తీరు వేరు. అయితే పేరు పెట్టాక కూడా ఆ చెట్టు దగ్గర నిలబడతామా, పేరు దొరికింది కదా అని ముందుకు వెళ్లిపోతామా? నా దిగులంతా అక్కడే ఉంది.

మేం చదివిన జిల్లా పరిషత్ హైస్కూల్లో తెలుగు పీరియడూ ఇంగ్లీషు పీరియడూ పక్కపక్కనే ఉండేవి. ఒకే గది, ఒకే నల్లబల్ల. తెలుగు మాస్టారు అలంకారాలు చెప్పే రోజున బల్లను నిలువు గీతలతో నాలుగు భాగాలు చేసేవారు. ఉపమేయం, ఉపమానం, సమానధర్మం, ఉపమావాచకం. గీతలు ఎర్ర సుద్దతో, అక్షరాలు తెల్ల సుద్దతో. పద్యపాదం చదివి, ఏ మాట ఏ గడిలోకి వెళ్లాలో మా చేతే చెప్పించేవారు. మూడో గడి దగ్గరికి వచ్చేసరికి తరగతంతా నిశ్శబ్దమైపోయేది. ముఖానికీ చంద్రుడికీ పోలిక ఏమిటి? గుండ్రదనమా? వెలుగా? చల్లదనమా? చూడగానే కలిగే హాయా? ఒక్కొక్కరూ ఒక్కొక్కటి అనేవాళ్లు. మాస్టారు దేన్నీ వెంటనే కొట్టేసేవారు కాదు. “ఈ పద్యంలో ఏది పొసగుతుందో చూడండి” అనేవారు. జవాబు రాసేటప్పుడు లక్షణం, లక్ష్యం ఉంటే చాలదు, సమన్వయం కూడా ఉండాలి. ఆ సమన్వయానికి విడిగా మార్కు ఉండేది. గంట కొట్టాక అదే బల్ల తుడిచి ఇంగ్లీషు టీచరు సిమిలీ, మెటఫర్, పర్సానిఫికేషన్ అని వరసగా రాసేవారు. 1935లో తొలిసారి అచ్చయిన రెన్ అండ్ మార్టిన్ వ్యాకరణంలో ఫిగర్స్ ఆఫ్ స్పీచ్ అన్న అధ్యాయం ఉంటుంది. దాన్ని ఆధారం చేసుకుని నోట్సు చెప్పేవారు. ఒక్కో దానికి ఒక నిర్వచనం, రెండు ఉదాహరణలు. రాసుకునేవాళ్లం, వల్లెవేసేవాళ్లం. బల్ల మీద సరిగా చెరగని ఎర్ర గీతల మీదే మెటఫర్ వచ్చి కూర్చునేది. ఇప్పుడే చదివిన రూపకానికీ దీనికీ ఏమైనా సంబంధం ఉందా అని ఆ గదిలో ఎవరికీ తోచలేదు. రెండు భాషలకు రెండు నోటుపుస్తకాలు ఉన్నట్టే, తలలో కూడా రెండు అరలు ఉండేవేమో.

ఇన్నాళ్లకు ఆ మూడో గడిని శాండ్‌బర్గ్ పద్యానికి తగిలించి చూశాను. ఉపమేయం పొగమంచు, ఉపమానం పిల్లి. పోలికను ప్రకటించే మాట లేదు కాబట్టి మన మాస్టారు అయితే రూపకం దగ్గరికి తీసుకెళ్లేవారు. మరి సమానధర్మం? కవి చెప్పలేదు. అది పాఠకుడు వెతుక్కోవాల్సిందే. చప్పుడు చేయకుండా రావడం ఒకటి. అది పైకి కనిపించేదే. ఇంకా లోపలికి వెళితే, పిల్లి ఇంట్లో ఉన్నా ఇంటివాళ్ల సొత్తు కాదు. పిలిస్తే రాదు, పొమ్మంటే పోదు. మన వంక చూస్తున్నట్టే ఉంటుంది గానీ దాని ధ్యాస మన మీద ఉందో లేదో తెలియదు. వచ్చిన పని ఏమిటో చెప్పదు. సంక్రాంతి రోజుల్లో తెల్లవారుజామున హైవే మీద బస్సులో వెళుతూ, డ్రైవరు లైట్లు వేసుకుని నత్తనడక నడిపిస్తుంటే, బయటి మంచు మన తొందరను బొత్తిగా ఖాతరు చేయకుండా పొలాల మీద అలా ఉండిపోవడం చూశాను. ఆ నిర్లక్ష్యమే పిల్లిది. కుక్కను తెచ్చి పెడితే పద్యం చచ్చిపోతుంది, ఎందుకంటే కుక్కకు మనం కావాలి. ఇదంతా ఆ రెండు పెన్సిలు గీతల కింద ఉంది. అక్కడిదాకా వెళ్లడానికి పట్టేది అయిదు నిమిషాలు. ఆ అయిదు నిమిషాలకు మార్కు లేదు.

తెలుగు తరగతిని ఆకాశానికెత్తి ఇంగ్లీషు తరగతిని కించపరచడం నా ఉద్దేశం కాదు. మా మాస్టారి లాంటివారు లేని చోట సమన్వయం కూడా గైడులోంచి దిగిపోయేదే. మన అలంకారశాస్త్రంలోనూ ఆ ధోరణి ఉంది. ఓరుగల్లులో విద్యానాథుడు ‘ప్రతాపరుద్రీయం’ రాసినప్పుడు ఉదాహరణలన్నీ తన రాజును పొగుడుతూ తానే అల్లాడు. తర్వాత భట్టుమూర్తి తెలుగులో ‘నరసభూపాలీయం’ కూడా ఆ బాటలోనే నడిపించాడు. పద్యాలు అందమైనవే, కాదనను. కాకపోతే అక్కడ లక్షణం ముందు పుట్టి, దానికి సరిపోయేలా పద్యం తర్వాత పుట్టింది. ఎవరో ఒక కవి తన బాధలోనో సంబరంలోనో అన్న మాటను పట్టుకుని, ఇది ఇంతగా ఎందుకు తాకింది అని ఆలోచించి పేరు పెట్టడం వేరు. ఆ రెండో పద్ధతిలో నేర్చుకున్నదే నాలో నిలిచిందని అనిపిస్తుంది. ఇది నా ఒక్కదాని అనుభవమేనా? కాదనుకుంటాను.

ఛందస్సునే తీసుకోండి. ఉత్పలమాలకు భ ర న భ భ ర వ అని గణాలు నేర్చుకోకముందే దాని నడక చెవిలో ఉంది. మా ఊళ్లో తిరుపతి వేంకట కవుల ‘పాండవోద్యోగ విజయాలు’ ఆడని ఏడాది లేదు. వృత్తాలను రాగం తీసి పాడుతుంటే చలిలో దుప్పటి కప్పుకుని వినేవాళ్లం. చదువురాని మా అమ్మమ్మ సైతం పద్యం ఎక్కడ విరగాలో, ఎక్కడ ఊపు అందుకోవాలో కనిపెట్టేది. గురువూ లఘువూ తర్వాత వచ్చాయి, చెవికి తెలిసినదాన్ని కాగితం మీద పెట్టడానికి. డిగ్రీలో అయాంబిక్ పెంటామీటర్ వచ్చినప్పుడు అంతా తలకిందులైంది. లెక్చరర్ గారు బల్ల మీద పాదం రాసి, ఒక అక్షరం మీద అర్ధచంద్రం, తర్వాతి దాని మీద ఏటవాలు గీత, ఇలా అయిదు జతలు చూపించారు. దించుకున్నాం. పరీక్షలో పెట్టాం, మార్కులూ వచ్చాయి. కానీ మా చెవులు కాలాన్ని కొలవడానికి అలవాటు పడ్డ చెవులు. ఎంతసేపు పలికాం అన్నదే మాకు లెక్క. ఇంగ్లీషు ఛందస్సు నడిచేది ఊనిక మీద. మనం మాట్లాడే ఇంగ్లీషులో ఊనిక అన్ని అక్షరాల మీదా ఇంచుమించు సమానంగా పరుచుకుని ఉంటుంది. అలాంటప్పుడు ఆ గీతలు ఏ ధ్వనికి గీతలు? చాలా ఏళ్ల తర్వాత ఒక రంగస్థల నటుడు షేక్‌స్పియర్‌ను చదివిన రికార్డింగు విన్నప్పుడు ఆ లయ ఛాతీకి తగిలింది. ఆ రోజున గానీ ఆ పదం నాకు పదం కాలేదు. అంతవరకూ అది బొమ్మే. ముందు వినిపించి, తర్వాత పేరు చెబితే ఏం పోయేది? రికార్డింగులు దొరకని రోజులు, నిజమే. ఇప్పుడు ప్రతి పిల్ల చేతిలోనూ ఫోను ఉంది.

పేరు వల్ల కళ్లు తెరుచుకోవడమూ నాకు తెలుసు. డిగ్రీ రెండో ఏడాదిలో ఇన్ మీడియస్ రెస్ అన్న మాట వచ్చింది. కథను మొదటినుంచి ఎత్తుకోకుండా నడిమధ్యలో పాఠకుణ్ణి దింపేయడం. రోమన్ కవి హొరేస్ తన ‘ఆర్స్ పొయెటికా’లో హోమర్‌ను ఈ గుణానికే మెచ్చుకున్నాడని, మిల్టన్ ‘పారడైజ్ లాస్ట్’ కూడా అలాగే మొదలవుతుందని లెక్చరర్ గారు చెబుతున్నారు. నా మనసు మాత్రం ఎక్కడో విశాఖ వైపు పోయింది. అర్ధరాత్రి దాటాక ఇంటికొచ్చి తలుపు తీయమని పిలుస్తున్న గోపాలరావు కనిపించాడు. 1910లో గురజాడ రాసిన ‘దిద్దుబాటు’. ఆయనెవరో, ఇంత రాత్రివేళ ఎక్కణ్ణుంచి వస్తున్నాడో, ఇంట్లో ఎవరున్నారో ఏమీ చెప్పకుండా గురజాడ మనల్ని తీసుకెళ్లి ఆ గుమ్మం ముందు నిలబెట్టేశాడు. ఆ కథ నేను హైస్కూల్లోనే చదివాను, నవ్వుకున్నాను కూడా. ఆ రోజు ఇంటికి వెళ్లి మళ్లీ తీశాను. మొదటినుంచి చెప్పి ఉంటే ఏమయ్యేది? మొదట సంస్కరణ కబుర్లు, ఆ తర్వాత సానివాళ్ల పాటల మోజు, ఆపైన భార్య ఒంటరి రాత్రులు వరసగా వచ్చేవి. గుమ్మం దగ్గరికి చేరేసరికి గోపాలరావును మనం అసహ్యించుకుని ఉండేవాళ్లం. నడిమధ్యలో దింపడం వల్ల ముందు అతని గాభరాలో పాలుపంచుకుంటాం. తప్పు సంగతి తర్వాత తెలుస్తుంది. అప్పటికే మనసు కొంచెం మెత్తబడి ఉంటుంది. దిద్దుకునే అవకాశం ఇవ్వాలన్నది కథ సారమైతే, ఆ అవకాశం ఎత్తుగడలోనే పెట్టాడు మహానుభావుడు. ఒక లాటిన్ మాట వచ్చి నాకు గురజాడను చూపించింది. ఆ కృతజ్ఞత ఇప్పటికీ ఉంది. అందుకే పదాలు వద్దు, ఊరికే అనుభవిస్తే చాలు అనేవాళ్లతో నాకు పొత్తు కుదరదు.

పదం చూపును మూసేయడమూ చూశాను. అదే పదో తరగతి పుస్తకంలో రాబర్ట్ ఫ్రాస్ట్ ‘డస్ట్ ఆఫ్ స్నో’ ఉంది. 1923 నాటి ‘న్యూ హాంప్‌షైర్’ సంపుటంలోది. ఎనిమిది పాదాలు, మొత్తం ఒకే వాక్యం. హెమ్‌లాక్ చెట్టు మీది కాకి కదలడంతో కింద ఉన్న మనిషి మీద మంచు రాలుతుంది, అతని మనసు కాస్త తేలికపడుతుంది. పిల్లలకు అందే నోట్సులో సింబల్ అన్న పదం కింద రెండు జవాబులు సిద్ధంగా ఉంటాయి. కాకి అపశకునం, హెమ్‌లాక్ విషం, కాబట్టి రెండూ దుఃఖానికి ప్రతీకలు. ఇక్కడ ఆగి చెట్టును చూడాలనిపిస్తుంది నాకు. ఈశాన్య అమెరికా కొండల్లో పెరిగే హెమ్‌లాక్ పొట్టి పొట్టి సూదుల్లాంటి ఆకులున్న సతతహరిత వృక్షం. శీతకాలమంతా పచ్చగా ఉండి, కొమ్మల మీద మంచు మోస్తుంది. దానిలో విషం లేదు. సోక్రటీసు తాగింది వేరే మొక్క రసం. తెల్లటి చిన్న పూలు పూసే గుల్మం అది. పేరొక్కటే ఒకటి. ఫ్రాస్ట్ న్యూ హాంప్‌షైర్‌లో వ్యవసాయం చేసిన మనిషి, తన పొలం గట్టున ఏ చెట్టుందో ఆయనకు తెలియకుండా ఉండదు. ఇక కాకి. తెలుగింటి పిల్లకు కాకి అంటే అపశకునమొక్కటేనా? గోడ మీద అరిస్తే చుట్టాలొస్తారని ఎదురుచూస్తాం. పిండం పెట్టి, కాకి ముట్టేదాకా ఆకలి చంపుకుని కూర్చుంటాం, పోయినవాళ్లు ఆ రూపంలో వచ్చి తృప్తి పడాలని. ఇంత సంపద ఇంట్లో పెట్టుకుని ఆ పిల్ల ‘అపశకునం’ అని రాసి పేజీ తిప్పేస్తుంది.

రాసేశాక నాకే ఒక సందేహం. గ్రీకు, లాటిన్ చదువుకున్న ఫ్రాస్ట్‌కు ఆ పేరులోని విషపు చుక్క వినిపించలేదంటే నమ్మగలమా? చెట్టు నిజమైన చెట్టే కావచ్చు, ఆ పేరు పలికినప్పుడు పాత నీడ ఒకటి వచ్చి పడటమూ నిజమే కావచ్చు. రెంటినీ ఒకేసారి పట్టుకోగలిగితేనే పద్యం పూర్తిగా అందుతుందేమో. మరి సింబల్ అనే పదం ఆ రెండు కాళ్ల మీదా నిలబడాలి కదా! ‘దీనికి ఇది ప్రతీక’ అని గీత గీసి కలిపేశాక ఆ సందేహానికి చోటెక్కడిది?

సందేహమంటే కీట్స్ గుర్తొస్తాడు. ఎమ్మే పరీక్షల్లో నెగెటివ్ కేపబిలిటీ మీద షార్ట్ నోట్ రాయని ఇంగ్లీషు విద్యార్థి మన విశ్వవిద్యాలయాల్లో అరుదు. ఎబ్రమ్స్ గ్లాసరీ జిరాక్సు కాపీలు హాస్టల్ గదుల్లో చేతులు మారుతుండేవి. 1957లో మొదట వచ్చిన ఆ పుస్తకంలో ప్రతి పదానికీ ఒక చిన్న వ్యాసమే ఉంటుంది, మనం దాన్నుంచి నాలుగు లైన్లు గిల్లుకుని రాసేవాళ్లం. నెగెటివ్ కేపబిలిటీ అన్న పదం పుట్టిన తీరు తర్వాత్తర్వాత చదివితే మనసు నిండిపోయింది. 1817 డిసెంబరు. కీట్స్‌కు ఇరవై రెండేళ్లు. క్రిస్మస్ రోజుల్లో వేసే ఆట ఒకటి చూసి మిత్రులతో కబుర్లాడుకుంటూ నడిచి వస్తుంటే తలలో ఏవేవో ఆలోచనలు ఒకదానితో ఒకటి కలుసుకున్నాయి. గొప్ప కవిలో ఉండే గుణమేమిటో హఠాత్తుగా తట్టింది. తేలని విషయాన్ని తేలకుండానే ఉంచుకుని, జవాబు కోసం కంగారు పడకుండా ఉండగలగడం. ఆ సంగతి తమ్ముళ్లకు ఉత్తరంలో రాశాడు. ఆ మాట ఆయన వాడింది ఆ ఒక్కసారే. అసలు ఉత్తరం కూడా మిగల్లేదు, ఎవరో ఎత్తి రాసిన ప్రతే మిగిలింది. ఇంటికి నడుస్తున్న కుర్రవాడికి కలిగిన సంబరం, మనదాకా వచ్చేసరికి అయిదు మార్కుల ప్రశ్న. మన ఆనందవర్ధనుడూ అంతే. తొమ్మిదో శతాబ్దపు కాశ్మీరంలో ‘ధ్వన్యాలోకం’ మొదలుపెట్టడమే, మాటల వెనక సూచనగా పలికే ధ్వనిని ఒప్పుకోనివాళ్ల వాదాలతో మొదలుపెట్టాడు. అసలు లేదనేవారు, ఉన్నా లక్షణావృత్తిలోనే ఇమిడిపోతుందనేవారు, మాటల్లో చెప్పలేమనేవారు, అందరినీ ముందు కూర్చోబెట్టి జవాబు చెప్పాడు. ప్రతి పదం వెనకా ఇలాంటి నడకో, వాదమో, నిద్రపట్టని రాత్రో ఉండే ఉంటుంది. చాలాసేపు చూసినవాడు చివర్లో పెట్టిన పేరు అది. ఆ చివరి ముక్క మాత్రమే పిల్లల చేతికిచ్చి, చూడటమనే పనిని వాళ్లకు దక్కకుండా చేస్తున్నామని నా బాధ.

దారి లేకపోలేదు. వల్లంపాటి వెంకట సుబ్బయ్య ‘కథాశిల్పం’ చదివినవాళ్లకు తెలుస్తుంది. 1999లో సాహిత్య అకాడమీ పురస్కారం పొందిన పుస్తకం. దృష్టికోణం, కంఠస్వరం లాంటి మాటలు అందులో మన కథల మధ్యనుంచే నడిచి వస్తాయి. ఇలాంటి పని హైస్కూలు గదిలో ఎందుకు జరగకూడదు? నాకొక కోరిక ఉంది. ఏడాదికి ఒక్క పీరియడ్ తెలుగు మాస్టారూ ఇంగ్లీషు టీచరూ ఒకే గదిలో ఉండాలి. ఆ రోజు పాఠం కీచకవధ. తిక్కన పద్యాలు మాస్టారు చదవాలి. కుదిరితే 1963 నాటి ‘నర్తనశాల’లో ఆ ఘట్టం వేసి చూపాలి. ఎస్వీ రంగారావు కీచకుడు మురిసిపోతూ చీకట్లో నర్తనశాలకు బయలుదేరతాడు. లోపల ఉన్నది ఎవరో మనకు తెలుసు, అతనికి తెలియదు. పిల్లలు ఊపిరి బిగపట్టి చూశాక, ఇంగ్లీషు టీచరు అడగాలి. మనకు ముందే తెలియడం వల్ల ఇక్కడ తగ్గిందేమిటి, పెరిగిందేమిటి? విరాటపర్వమంతా మారువేషాలే కదా, కంకుభట్టు ఎవరో, వలలుడు ఎవరో మనకొక్కరికే తెలియడం వల్ల విరాటుడి కొలువులో ప్రతి మాటా రెండు చెవులకు వినిపిస్తోందా లేదా? భీముడు లోపల ఉన్నాడన్న సంగతి మనకూ చెప్పకుండా దాచి ఉంటే మనం కీచకుడి మీద జాలిపడేవాళ్లమా? వాళ్లు వాదించుకోవాలి. గంట కొట్టే ముందు డ్రమాటిక్ ఐరనీ అని బల్ల మీద రాయాలి. అప్పుడు తెలుగు మాస్టారు లేచి, దీన్ని మనవాళ్లు రసదృష్టితో ఎలా చూసి ఉండేవారో తాను చెప్పాలి. ఆ పేరు ఇక్కడ పూర్తిగా సరిపోలేదని వెనక బెంచీలోంచి ఒక పిల్ల చెయ్యెత్తితే, ఆ అభ్యంతరాన్ని కూడా బల్ల మీద రాసి, మిగతా చర్చ మర్నాటికి పెట్టుకోవాలి.